అస్తమయం చూడాలంటే వెరావల్ పోవాలి

కరోనా రోజుల్లో అమెరికా కోటీశ్వరుడు గెఫెన్ గారు పెట్టిన సూర్యాస్తమయాన్ని మీరూ చూసే ఉంటారు. చూడకపోతే ఇక చూడలేరు. లోకమంతా ఒక్కటై తిట్టేసరికి ఆయన తన ఇన్‌స్టాగ్రామ్‌కు తాళం వేసుకున్నాడు. 2020 మార్చి 28న పెట్టిన పోస్టు. గ్రెనడీన్స్ దీవుల దగ్గర కరీబియన్ సముద్రం, పొద్దుగూకుతున్న ఆకాశం, నీళ్ల మీద ఆయన ఓడ. వైరస్‌కు అందకుండా ఇక్కడ ఒంటరిగా ఉన్నాను, మీరంతా క్షేమంగా ఉంటారని ఆశిస్తున్నాను అని కింద రెండు ముక్కలు.

డబ్బున్న మారాజు, పోనీలెండి. ఓడ ఉందని నాకేం కడుపుమంట లేదు. పడవెక్కి వైరస్‌ను తప్పించుకోవడం తానే కనిపెట్టినట్టు ఫొటో పెట్టాడు చూడండి, మండింది అక్కడ. మన శ్రీకాకుళం వైపు మత్స్యకారులు అంతకు మూడు రోజుల ముందే, లాక్‌డౌన్‌లో, ఆ పని మొదలుపెట్టారు. గుజరాత్‌లో వెరావల్ రేవు. ఒకరూ ఇద్దరూ కాదు, నాలుగైదు వేల మంది. పడవ ఉంది. చుట్టూ నీళ్లున్నాయి. లోకంతో సంబంధం లేదు. సాయంత్రమైతే ఎదురుగా సూర్యుడు మునుగుతాడు. గెఫెన్ గారి పోస్టులో ఇంతకు మించి ఏముందో చెప్పండి. ఆ లెక్కన ప్రపంచంలోకెల్లా పెద్ద యాట్ క్లబ్ మనదే. బోర్డు రాయించడమే తరువాయి.

అసలు అస్తమయం మాట తీసుకుందాం. మన సముద్రం తూర్పున ఉంది. కళింగపట్నంలో నిలబడినా, బడివానిపేటలో నిలబడినా సూర్యుడు నీళ్లలోంచి పుట్టడమే కనిపిస్తుంది. నీళ్లలో మునగడం చూడాలంటే ఆ పక్క తీరానికి పోవాల్సిందే. అందుకోసమే మనవాళ్లు ఏటా ఆగస్టులో విశాఖలోనో పలాసలోనో రైలెక్కి, రెండు వేల కిలోమీటర్లు పోయి, ఎండాకాలం దాకా అక్కడే ఉండిపోతారు. ఇంత అస్తమయ పిచ్చి ఉన్న జాతిని నేనెక్కడా చూడలేదు. అన్నట్టు గెఫెన్ గారి ఓడ పేరేమిటో తెలుసా? రైజింగ్ సన్. ఉదయించే సూర్యుడు! ఆ పేరు పెట్టుకుని అస్తమించే సూర్యుడి ఫొటో పెట్టాడు. పేరుకూ పనికీ పొంతన లేకపోవడం మన పథకాలకే చెల్లిందనుకున్నాను ఇన్నాళ్లూ.

కాలాన్ని బట్టి తీరం మార్చడం కూడా పెద్ద యాట్ల సంప్రదాయమే. చలికాలం కరీబియన్, ఎండాకాలం మధ్యధరా. మనవాళ్లది వానాకాలంలో బయల్దేరి చలికాలమంతా అరేబియా, ఎండలు ముదిరాక బంగాళాఖాతం. మొనాకో వాళ్లు దాన్ని సీజన్ అంటారు. గార మండలంలో, ఎచ్చెర్ల మండలంలో దాన్ని వలస అంటారు. తేడా మాటలోనే ఉంది.

ఇక ఓడల పోలిక. రైజింగ్ సన్ పొడవు 138 మీటర్లు. 2004లో జర్మనీలో లూర్సెన్ వాళ్లు ఒరాకిల్ కంపెనీ లారీ ఎలిసన్ కోసం కట్టారు, తర్వాత ఈయన కొనుక్కున్నాడు. 59 కోట్ల డాలర్లని పత్రికలు ధర కట్టాయి. 82 గదులు. సారాయి దాచుకునే కొట్టు. హెలికాప్టర్ దిగే చోటే బాస్కెట్‌బాల్ ఆడుకోవచ్చట. మన వెరావల్ యాట్ మహా అయితే యాభై, అరవై అడుగులు. హెలికాప్టర్ దిగే చోట వల ఉంటుంది. బాస్కెట్‌బాల్ ఆడే చోట ఐసు పెట్టె. గది ఒకటే, అందులో పడవ నడిపే తండేలుతో కలిపి ఏడెనిమిది మంది కళాసీలు.

చిన్న లెక్క వేశాను. మన వెరావల్ కొలత ప్రకారం గదికి ఎనిమిది మంది చొప్పున సర్దితే గెఫెన్ గారి 82 గదుల్లో 656 మంది పడతారు. అలాంటి ఓడలు ఏడెనిమిది ఉంటే మనవాళ్లందరికీ జాగా దొరుకుతుంది. ఒక్కడికి అంత ఓడ పెట్టుకుని ఒంటరిగా ఉన్నానంటే నమ్మేదెవరు? పైగా ఆ ఓడకు నలభై మందికి పైగా సిబ్బంది. ఒంటరితనం నలభై మంది వండి వడ్డిస్తే వచ్చేది కాదండీ. మన యాట్‌లో సిబ్బంది వేరు, అతిథులు వేరు అనే పేచీయే లేదు. గంజి కాసేవాడే తాగేవాడు.

ఇప్పుడు మెరీనా సంగతి. సరదా పడవ కొన్నవాడికి అసలు కష్టం కొన్నాకే మొదలవుతుంది. పడవను ఎక్కడో ఒకచోట కట్టెయ్యాలి కదా. కట్టేసినందుకు మీటరుకు ఇంతని పొడవు కొలిచి వసూలు చేస్తారు. అందుకు బదులుగా ఒడ్డు నుంచి కరెంటు తీగ, మంచినీళ్ల గొట్టం, వేడినీళ్ల స్నానాల గది, వైఫై. ఓడ ధరలో ఏడాదికి పదో వంతు దాన్ని నడిపి మేపడానికే పోతుందని ఆ వ్యాపారంలో ఒక మోటు లెక్క. ఏనుగును కొనడం కన్నా మేపడం కష్టమని మన పెద్దలు ఊరికే అనలేదు.

బ్రిటన్‌లో ఈ ఫీజు మీద అప్పుడు పెద్ద రగడ. మార్చి 23 రాత్రి అక్కడ లాక్‌డౌన్ చెప్పాక సరదా పడవల వాళ్లను రేవు ఛాయలకు రానివ్వలేదు. పడవ మెరీనాలో, మనిషి ఇంట్లో, ఫీజు మాత్రం నడుస్తూనే ఉండేది. ఎక్కనివ్వని పడవకు అద్దె ఎందుకు కట్టాలని పాపం యజమానుల గోల. వింటుంటే మనసు కరిగి, నాకొక ఉపాయం తట్టింది. అక్కడ పడవ ఎక్కనివ్వడం లేదని ఏడుపు. ఇక్కడ పడవ దిగనివ్వడం లేదని ఏడుపు. మార్చేసుకుంటే పోలా? సౌతాంప్టన్ దొరలంతా వచ్చి వెరావల్ పడవల్లో కావలసినన్నాళ్లు ఉంటారు. మనవాళ్లు వెళ్లి వాళ్ల ఇళ్లలో దొరలు కోరుకోని తలుపుల వెనక కూర్చుంటారు. ఇంత చక్కని ఒప్పందం కోసం రెండు దేశాలూ మంతనాలు మొదలుపెట్టలేదెందుకో.

వచ్చే దొరల కోసం మన మెరీనా సదుపాయాలు చెబుతాను, రాసుకోండి. పడవలు ఒకదాని నడుము ఒకటి రాసుకుంటూ వరసగా ఉంటాయి. ఒడ్డుకు పోవాలంటే పది పడవలు దాటాలి. దీనినే అప్పట్లో భౌతిక దూరం అన్నారు. మంచినీళ్లు వచ్చినప్పుడు వస్తాయి. స్నానానికి సముద్రం ఉండనే ఉంది. మిగతా వాటికీ అదే. కాలక్షేపానికి దగ్గర్లోనే సోమనాథుడి జ్యోతిర్లింగం, అప్పుడు దానికీ తాళమే అనుకోండి. సాహస యాత్రలు కోరేవారికి ఒక ప్రత్యేక ప్యాకేజీ కూడా ఉంది. కొంచెం పడమరగా జరిగితే చాలు, నీళ్ల మీద ఎవరికీ కనపడని గీత ఒకటి తగులుతుంది, అది దాటితే కరాచీలో ఉచిత బస. 2018 నవంబరులో మన సిక్కోలు, విజయనగరం వాళ్లు కొందరు అలాగే వెళ్లి, పదమూడు నెలలు ఆ ఆతిథ్యం తిని, 2020 జనవరిలో ఇరవై మంది వాఘా గేటు దగ్గర తేలారు. భోజనం, వసతి, కాపలా అన్నీ కలిపే. ఏ క్రూజు కంపెనీ ఇస్తుందండీ పదమూడు నెలలు?

ఇక ఫీజు. మన మెరీనాలో రొక్కం అడగరు. ఊళ్లోంచి కదిలేముందే అడ్వాన్సు చేతిలో పెడతారు. దాన్ని ఇంటి అప్పుకో ఆడపిల్ల పెళ్లికో కట్టేసి రైలెక్కుతాడు సభ్యుడు. ఆ తర్వాత, 2020 నాటి లెక్కన, నెలకు పది పన్నెండు వేల చొప్పున ఆ అడ్వాన్సులోంచి తన ఒళ్లు తాను విడిపించుకుంటూ ఉంటాడు. వేట ఉన్నంతకాలం ఫీజు జమ అవుతుంది. వేట ఆగిపోతే? ఆ నిబంధన క్లబ్ పుస్తకంలో ఏ పేజీలో ఉందో సభ్యులకే తెలియదు. క్లబ్ నడిపే సేటును అడగాలి.

ఈ సంగతులన్నీ మా పక్కింటాయనకు బాల్కనీ మీంచి చెప్పాను. ఆయన ప్రధాని చప్పట్లు కొట్టమంటే కొట్టిన మనిషి, దీపం పెట్టమంటే పెట్టిన మనిషి, దేశభక్తుడు. శ్రద్ధగా విని, "మరి మంచిదే కదండీ, ఎక్కడి వాళ్లు అక్కడుంటే క్షేమం. పడవ మీదైతే వైరస్ కూడా రాదు" అన్నాడు. గెఫెన్ గారు కూడా సరిగ్గా ఇదే అన్నాడు. ఆయన్ని తిట్టినవాళ్లలో మా పక్కింటాయన ఒకడు. ఫోన్లో నాకు చూపించి మరీ తిట్టాడు.

పడవ వాళ్లది కాదు.

ఇంతసేపూ మీతో యాట్ యజమానులని ఆడించాను గానీ, వెరావల్ రేవులో పడవ యజమాని పడవలో లేడు. ఒడ్డున, తన ఇంట్లో, తలుపేసుకుని ఉన్నాడు. ఉండమనే కదా చెప్పారు. ఇల్లున్నవాడు ఇంట్లో ఉన్నాడు. కళాసీకి ఆ ఊళ్లో ఇల్లు ఏ రోజూ లేదు. వేటకు పోయినా పడవే, రేవుకు వచ్చినా పడవే, జ్వరమొచ్చినా పడవే. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని టీవీలో కనిపించి, పన్నెండు గంటల నుంచి దేశం ఎక్కడికక్కడ ఆగిపోవాలన్నాడు. నాలుగు గంటల గడువు. అప్పటికి కొన్ని పడవలు నడిసముద్రంలో ఉన్నాయి. వేట ముగించుకుని వచ్చి చూస్తే రైలు లేదు, బస్సు లేదు, రేవు దాటితే పోలీసు లాఠీ ఉంది. వాళ్లూ పోస్టులు పెట్టారు. వాట్సాప్‌లో, ఫోను నిలువుగా పట్టుకుని, వెనక పదిమందిని నిలబెట్టుకుని, చేతులు జోడించి: మమ్మల్ని ఇంటికి తీసుకుపోండి బాబూ అని. వాటిని ఎవరూ తిట్టలేదు. తిట్టాలంటే ముందు చూడాలి కదా.

అసలు వాళ్లక్కడికి ఎందుకు పోవాల్సి వచ్చింది? శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రం ఉంది. రాష్ట్రంలో ఏ జిల్లాకూ లేనంత. పదకొండు మండలాల్లో జనం ఆ నీటి మీదే బతకాలి. ఆ 193 కిలోమీటర్లలో పెద్ద బోటు ఆగడానికి 2020 నాటికి ఒక్క ఫిషింగ్ హార్బరు లేదు. తెప్ప వేసుకుని అలల్ని తోసుకుంటూ పోయి, తెచ్చిన నాలుగు చేపలు ఇసుకలో పోసి అమ్ముకోవడమే. జెట్టీ కడతామన్న మాట నా చిన్నప్పటి నుంచి ప్రతి ఎన్నికలకూ ఒడ్డుకు వచ్చేది, ఓట్లు పడ్డాక ఆటుతో వెనక్కి పోయేది. అందుకని సముద్రం పక్కన పుట్టినవాడు సముద్రం కోసం దేశానికి ఆ చివరికి పోయాడు, సొంత తెడ్డు వదిలి, సేటు పడవలో కూలీగా. అస్తమయాల కోసం కాదు. దీనికి వైరస్‌తో పనిలేదు. వైరస్ చేసిందల్లా, ఏళ్ల తరబడి పడవలో పడి ఉన్నవాళ్లను ఒక్క వారం పత్రికల్లోకి తేవడం.

వాళ్లను ఇంటికి పంపమంటే, రాష్ట్రాలు దాటించడం కుదరదన్నారు. వ్యాధి పాకుతుందన్నారు. అవును, పాకుతుంది. అదే లాక్‌డౌన్‌లో, అదే మార్చి నెలాఖర్లో, హరిద్వార్‌లో చిక్కుకుపోయిన పద్దెనిమిది వందల మంది గుజరాతీ యాత్రికుల్ని బస్సులెక్కించి రాష్ట్రాలు దాటించి ఇళ్లకు చేర్చారు. చేర్చినందుకు నాకేం బాధ లేదు. చేర్చాల్సిందే, ముసలీ ముతకా ఉంటారు. కానీ రోడ్డు ఉందనీ, డ్రైవరు ఉన్నాడనీ, సరిహద్దు దగ్గర గేటు ఎత్తేవాడు కూడా ఉన్నాడనీ అప్పుడే తేలిపోయింది కదా. గుజరాతీ కోసం బస్సు కదిలితే, అదే గుజరాత్‌కు తొమ్మిది నెలలుగా చేపలు పట్టి పెడుతున్న తెలుగువాడి కోసం ఎవరి బస్సు కదలాలి? గాంధీనగర్ అమరావతి వైపు చూసింది, అమరావతి ఢిల్లీ వైపు చూసింది. మత్స్యలేశంలో ఆడవాళ్లు ఫోన్ల వైపు చూశారు, ఛార్జింగ్ ఉన్నంతసేపు.

నా లెక్క పిచ్చి మీకు తెలుసు కాబట్టి ఇంకొక్కటి. సీటు విడిచి సీటు కూర్చోబెట్టి, బస్సుకు పాతిక మంది చొప్పున వేసినా, నాలుగైదు వేల మందికి రెండు వందల బస్సులు చాలు. మన ఆర్టీసీకి వేల బస్సులున్నాయి. ఆ మార్చి నుంచి అన్నీ డిపోల్లోనే వరసగా, ఒకదాని నడుము ఒకటి రాసుకుంటూ నిలబడిపోయాయి. వాటికి పార్కింగు ఫీజు కూడా లేదు.