పుష్కరం దాటిన పద్దు

సోమశిల రేవుకు కృష్ణా పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. 2004లో వచ్చాయి, 2016లో వచ్చాయి. శ్రీశైలం జలాశయం నీళ్లకు గుళ్లనే గట్టెక్కించాల్సి వచ్చినా, కృష్ణమ్మ మాత్రం లెక్క తప్పలేదు.

మాస్కోలోని ఒక పద్దుకైతే పుష్కర కాలమూ చాలలేదు! సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ఖజానా తనిఖీకి కేంద్ర ఆడిట్ కమిషన్ ఉండేది. పార్టీ మహాసభే దాన్ని ఎన్నుకోవాలి, అది మహాసభకే లెక్క చెప్పాలి. మహాసభ మూడేళ్లకోసారైనా జరగాలన్నది పార్టీ నిబంధన. 18వది 1939 మార్చిలో జరిగింది. 19వది? 1952 అక్టోబరులో! యుద్ధం అడ్డొచ్చిందందామా, అది 1945లోనే ముగిసింది. 1927 నుంచి కమిషన్‌కు పెద్దదిక్కుగా ఉన్న వ్లాదిమిర్‌స్కీ 1951లోనే కన్నుమూశారు. సభ కోసం చూసి చూసి, పద్దు చిత్రగుప్తుడికే అప్పజెప్పి ఉంటారు.

1990లో ఆ కమిషన్‌ను ఎత్తేశారు. మరుసటి ఏడాదికి పార్టీ దుకాణమే ఎత్తేసింది.

సోమశిల రేవులో పడవ నడిపేవాడు పొద్దుగూకేసరికి చిల్లర లెక్క తేల్చేస్తాడు. అతనికి కమిషన్ లేదు, మహాసభా లేదు. ఇంటికెళ్తే అడిగే మనిషి ఉంది. అసలైన ఆడిట్ అదీ!