సీజీపీఏ పంచాంగ శ్రవణం

2025లో విశ్వావసు నామ సంవత్సర ఉగాది పచ్చడి అరిగిందో లేదో, ఢిల్లీలో యూజీసీ తన పంచాంగం విప్పింది. విదేశాల్లో తెచ్చుకున్న డిగ్రీ మన డిగ్రీకి సమానమో కాదో ఇక తానే తేలుస్తుందట. అంతదాకా ఆ పని భారత విశ్వవిద్యాలయాల సంఘం చూసేది. ఇకపై ఒక పోర్టల్, ఒక నిపుణుల కమిటీ, వాళ్లకో గడువు. వార్త మీరూ చదివే ఉంటారు. అప్పుడు యూజీసీ అధ్యక్షుడిగా ఉన్న జగదీశ్ కుమార్ గారు మన నల్గొండ జిల్లా వారే కాబట్టి, తెలుగులోనే ఒక సందేహం అడుగుతాను. అయ్యా, బోస్టన్ డిగ్రీ సంగతి సరే, కూకట్‌పల్లి డిగ్రీ కనీసం కూకట్‌పల్లి డిగ్రీకైనా సమానమేనా?

నవ్వకండి. కూకట్‌పల్లిలోని జేఎన్‌టీయూ హైదరాబాద్ సిద్ధాంతం ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణిస్తే శాతం వస్తుంది. ఏఐసీటీఈ సిద్ధాంతం ప్రకారం తీయాల్సింది 0.75. సీబీఎస్‌ఈ పదో తరగతికి గ్రేడ్లిచ్చిన రోజుల్లో తీసివేతల గొడవే లేదు, 9.5తో గుణించుకోవడమే. దృక్ గణితం వారికి ఒకరోజు, పూర్వపద్ధతి వారికి మర్నాడు పండగ వచ్చినట్టన్నమాట. పండగైతే నయం, రెండు రోజులూ బూరెలు తినొచ్చు.

ఇంత లోతైన శాస్త్రాన్ని గుమస్తాలకు వదిలేయడం అపచారం. అమీర్‌పేటలో కన్సల్టెన్సీకొక సిద్ధాంతిని కూర్చోబెట్టాలని నా మనవి.

"అబ్బాయి జాతకం చెప్పండి."

"జేఎన్‌టీయూ, మెకానికల్. ఏడున్నర అండీ."

"ఏడున్నరా! ఏలినాటి శని. ఏ దిక్కు ప్రయాణం?"

"జర్మనీ అనుకుంటున్నాం సిద్ధాంతిగారూ."

సిద్ధాంతిగారు గవ్వలు పక్కన పెట్టి క్యాలిక్యులేటర్ తీస్తారు. జర్మనీ రాశికి రాజపూజ్యం 1, అవమానం 5. అక్కడ అంకె తగ్గేకొద్దీ మర్యాద పెరుగుతుంది, 4 దాటితే తప్పినట్టు. మన అంకెను వాళ్ల అంకెగా మార్చడానికి 'మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా' అనే మంత్రం ఉంది. అత్యధిక మార్కులోంచి మన మార్కు తీసి, అత్యధికానికీ పాసు మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. మంత్రంలో దోషం లేదు. పాసు మార్కు ఎంత అన్న దగ్గరే గ్రహాలు అడ్డం తిరుగుతాయి. యూజీసీ పది పాయింట్ల పట్టికలో గట్టెక్కినవాడికి 4. జేఎన్‌టీయూ పట్టికలో గట్టెక్కినవాడికి 5.

"నాలుగు లగ్నం పెడితే అబ్బాయికి 2.25. ఐదు లగ్నం పెడితే 2.5. ఏఐసీటీఈ వారి ముప్పావు తీసి శాతం చేసి, నలభై పాసు అనుకుని లెక్కకడితే 2.625."

"సీటు ఎంతకి వస్తుందండీ?"

"చాలా కోర్సులకు గీత 2.5 దగ్గర గీస్తారు."

"అంటే వస్తుందా, రాదా?"

"వస్తుంది. రావచ్చు. రాదు."

పోనీ రాశి మార్చుకుందామంటే వాటి ఫలాలూ వినండి. రష్యాకు రాజపూజ్యం 5, అవమానం 2. అంటే మాస్కోలో అయిదు తెచ్చుకున్న పిల్లవాడికి దండ వేస్తారు, బెర్లిన్‌లో అయిదు తెచ్చుకున్న పిల్లవాడు మళ్లీ పరీక్ష రాస్తాడు. ఫిలిప్పీన్స్‌కు జర్మనీతో గ్రహమైత్రి ఉంది, అక్కడా ఒకటే ఉత్తమం. ఫ్రాన్సులో ఇరవైకి పది వస్తే పాసు, పదహారు వస్తే వీధంతా చెప్పుకుంటారు. ఇంగ్లండులో నూటికి 70 వస్తే ఫస్ట్ క్లాస్. మనింట్లో 70 వస్తే మిగతా ముప్ఫై ఎవరికిచ్చి వచ్చావని నాన్న అడుగుతాడు. అమెరికా రాశికి ఆదాయం 4, అంతకు మించదు. పదిని నాలుగుకు కుదిస్తే మన ఏడున్నరకు 3.0. సబ్జెక్టులు విడదీసి, 60 దాటినదానికల్లా 'ఏ' ఇచ్చే మదింపు సంస్థ చేతిలో పడితే అదే ఏడున్నర నాలుగు దరిదాపులకు వెళ్లి కూర్చుంటుంది. అందుకని సిద్ధాంతిగారి పరిహారం ఏమిటంటే, సంబంధం మాట్లాడ్డానికి అబ్బాయి మార్కులు అమెరికా లెక్కలో చెప్పాలి, అప్పుకోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు జేఎన్‌టీయూ లెక్కలో చెప్పాలి. ఏఐసీటీఈ లెక్క మాత్రం మంచి ముహూర్తంలో కూడా ఎత్తకూడదు.

ఇంతకీ జేఎన్‌టీయూవాళ్లు ఆ అర పాయింటు ఎందుకు తీస్తారో తెలుసా? పేపరు దిద్దినప్పుడు మార్కులే వేశారు. 90 నుంచి 100 దాకా వచ్చినవాళ్లందర్నీ పది అనే ఒకే సంచిలో పోశారు. 80 వాడికీ 89 వాడికీ తొమ్మిదే. తర్వాత శాతం కావాలంటే సంచి మధ్యలో వేలు పెట్టి 95 అంటున్నారు, 85 అంటున్నారు. నూటికి నూరు తెచ్చుకున్న పిల్లకూ 95, తొంభైతో ఆగిన పిల్లకూ 95. అసలు మార్కులు వేసిందీ వాళ్లే, వాటిని గ్రేడ్లుగా మార్చిందీ వాళ్లే, ఆ గ్రేడ్లలోంచి మార్కులు ఊహించే సూత్రం అచ్చు వేసిందీ వాళ్లే.

ఇక్కడితో నాకు వేళాకోళం అయిపోయింది. బ్యాంకు ఉద్యోగ ప్రకటనల్లో 59.99 శాతాన్ని 60 కంటే తక్కువగానే చూస్తామని స్పష్టంగా రాస్తారు. 6.7 సీజీపీఏ ఉన్న పిల్ల ఒక సూత్రంలో 62 శాతం, ఇంకో సూత్రంలో 59.5 శాతం. నాలుగేళ్లు చదివింది ఆ పిల్ల. గుమ్మం అవతల నిలబెట్టింది, చదువుల పెద్దల్లారా, మీ పావు పాయింటు. జర్మనీ వెళ్లే పిల్లవాడు తన పత్రాలు అసలువేనని నిరూపించుకునే ఏపీఎస్ పత్రానికే 18,000 రూపాయలు కడతాడు. ఆ పైన దరఖాస్తు ఫీజులు. ఇంత కట్టాక 2.5 దగ్గర వాణ్ని తిప్పి పంపేది తెలివి తక్కువై కాదు. పాసు మార్కు ఎంతో మీరు మీలో మీరు తేల్చుకోలేకపోవడం వల్ల. తప్పు మీది, ఫీజు వాడిది, ఒక ఏడాది పోయేదీ వాడిదే. ఎవరిని అడగాలో కూడా వాడి తండ్రికి తెలియదు.

దీనికి మందు ఎవరూ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. యూరప్‌వాళ్లు కూడా అన్ని దేశాల మార్కుల్నీ ఒకే ఏ, బీ, సీల్లో ఇరికించాలని చూసి, కుదరక, 2009లో వదిలేశారు. ఏ కోర్సులో ఏ గ్రేడు ఎంత శాతం మందికి వచ్చిందో పట్టిక జత చేయండి, చూసేవాడు చూసుకుంటాడు అన్నారు. ఏడున్నర వచ్చినవాడు తన బ్యాచిలో పై నుంచి పదో వంతులో ఉన్నాడా, సగంలో ఉన్నాడా అన్నది తెలిస్తే మ్యూనిక్‌లో ఉన్నవాడికి మన పాసు మార్కుతో పనేముంది?

ఆ లెక్క మన ప్రతి యూనివర్సిటీ పరీక్షల విభాగం కంప్యూటర్లో ఉంది. ఫలితాలు ప్రకటించేది దాంట్లోంచే. దాన్ని మెమో వెనక అచ్చు వేయడానికి పోర్టల్ అక్కర్లేదు, నిపుణుల కమిటీ అంతకన్నా అక్కర్లేదు. వైస్ చాన్సలర్ గార్లూ, ఈ వేసవిలో బయటికి వెళ్లే బ్యాచి మెమోల మీదే ఆ పట్టిక వేయించండి.