కాకా, గ్యాప్ రఖో

రోడ్డు మీద మిగతా అందరూ తప్పు చేస్తారని ముందే నమ్మి, అందుకు సిద్ధపడి బండి నడపడాన్ని డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటారు. ముంబై దాదర్‌లో ముప్ఫై ఏళ్ళు స్టీరింగ్ పట్టినవాడికి ఆ నమ్మకం ఫీజు కట్టకుండానే కుదిరి ఉంటుంది. అయినా అరవై దాటిన తెలుగు పెద్దమనుషుల్ని కొడుకులూ కోడళ్ళూ కూడబలుక్కుని అది నేర్పే కోర్సులో చేర్పిస్తుంటారు. తప్పులు చేసే ఆ మిగతా అందరినీ ఎవరూ ఎక్కడా చేర్పించరు. ఈ విషయంలో ఫిర్యాదు ఇంతే. కింద ఉన్నదంతా సమాచారం.

ఈ విద్య అమెరికాలో పుట్టింది. హెరాల్డ్ స్మిత్ అనే ఆయన 1952లో ఒక సంస్థ పెట్టి డ్రైవర్లకు అయిదు సూత్రాలు నేర్పాడు: దూరం చూడు, చుట్టూ చూడు, చూపు ఒకేచోట నిలపకు, తప్పుకునే దారి ఉంచుకో, నువ్వు ఎదుటివాడికి కనపడు. అయిదింటిలో మూడు కంటికి సంబంధించినవే కావడం చూస్తే, ఆయన శుక్లాల ఆపరేషన్‌కు ముందు వయసువాళ్ళనే దృష్టిలో పెట్టుకున్నాడని తేలుతుంది. 1964లో అక్కడి నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ తన డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు మొదలుపెట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి కోర్సు పూర్తిచేస్తే బీమా ప్రీమియం మూడేళ్ళపాటు పది శాతం తగ్గుతుంది. జపాన్‌లో డెబ్బై దాటితే లైసెన్సు పొడిగించే ముందు తరగతికి హాజరు కాక తప్పదు. మన దగ్గర బలవంతమూ లేదు, బహుమానమూ లేదు. ఉన్నదల్లా నో క్లెయిమ్ బోనస్. ఏ క్లెయిమూ లేకపోతే ఏటా పెరిగి అయిదేళ్ళకు యాభై శాతం చేరుతుంది. కవరు కప్పి చాల్ ముందు నిలబెట్టిన కారుకు ఇది అన్నిటికన్నా సులువుగా వస్తుంది.

చట్టం సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లైసెన్సు సస్పెండ్ అయినవాడు రిఫ్రెషర్ శిక్షణ పొందాలన్నారు. అంటే ఆ తరగతిలో సీటు రావాలంటే ముందు ఒకసారి గట్టిగా దొరికిపోవాలి. ఏ తప్పూ చేయని ముసలాయనకు చట్టం చూపేది రెండే: యాభై అయిదు దాటాక అయిదేళ్ళకోసారి రెన్యూవల్, నలభై దాటినప్పటి నుంచి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ. పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు కనిపిస్తుందా అని ఆ ఫారం అడుగుతుంది. ప్లాజా సినిమా ముందు 25 మీటర్ల దూరంలో ఏమున్నా కనిపించదు, మధ్యలో జనం ఉంటారు కనుక. కాబట్టి చాలా క్లినిక్కుల్లో ఆ పరీక్ష నోటిమాటగానే జరుగుతుంది. డాక్టరు "కనిపిస్తుందా?" అంటాడు, పేషెంటు "ఓ" అంటాడు, ముద్ర పడుతుంది.

ఈ కోర్సులో చేరేవాళ్ళలో ప్రధానంగా రెండు రకాలు. మొదటిరకం కామాఠిపురా నుంచి వచ్చే పాత టాక్సీవాలాలు. వీళ్ళ పూర్వీకులు పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి నిజాం ఇలాకా తెలంగాణ పల్లెలు వదిలి వచ్చి, ఈ నగరానికి రాళ్ళు మోసి గోడలు కట్టినవాళ్ళు. ప్రీమియర్ పద్మిని టాక్సీ మీద బతుకు గడిచింది గనుక, 2023 అక్టోబరులో ఆ బండ్లకు కాలం చెల్లిన తర్వాత కూడా, గేరు మార్చాలనగానే వీళ్ళ ఎడమచెయ్యి స్టీరింగ్ పక్కనే వెతుక్కుంటుంది. రెండోరకం వర్లీ బీడీడీ చాళ్ళ పద్మశాలీలు. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మెతో మగ్గం పోయినా, 160 చదరపు అడుగుల గదిలో పిల్లల్ని చదివించినవాళ్ళు. 2025 ఆగస్టులో కొత్త టవర్ల తాళాలు ఇవ్వడం మొదలైంది. చాల్లో ఉన్నన్నాళ్ళు చోటు లేక బండి కొనలేదు. ఇప్పుడు బండికి చోటు దొరికే సరికి మోకాళ్ళు క్లచ్ తొక్కనంటున్నాయి. కారు కొడుకుదే, మోజు మాత్రం తండ్రిది.

నేర్పేవాడికి పాతికేళ్ళుంటాయి. విద్యార్థిని "కాకా" అంటాడు. మర్యాదగానే అంటాడు, అదే బాధ. శిక్షణ కారులో అతని కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు ఇంటినీ ఉద్యోగాన్నీ ఆపుతూ నడుపుతూ వచ్చిన మనిషి, తాను తొక్కకుండానే బండి ఆగిపోవడం మొదటిసారి చూసేది ఇక్కడే.

మొదటి పాఠం గ్యాప్. ముందు బండికీ మనకూ కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలి. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 22 మీటర్లు. దాదర్‌కు ఆటోలు రానివ్వరు కాబట్టి ఆ ఖాళీలోకి ఆటో రాదు. తక్కినవన్నీ వస్తాయి: ఒక టాక్సీ, రెండు స్కూటర్లు, ఒక హాథ్‌గాడీ, పూల మార్కెట్ నుంచి బంతిపూల మూట నెత్తిన పెట్టుకుని పరుగెత్తే కూలీ. అప్పుడేం చేయాలి? పాఠం ప్రకారం వేగం తగ్గించి, కొత్తగా వచ్చినవాడికీ మనకూ మధ్య మళ్ళీ 22 మీటర్లు వదలాలి. దాంట్లోకి ఇంకొకడు వస్తాడు. ఈ నియమాన్ని తుచ తప్పకుండా పాటించే కారు టిళక్ బ్రిడ్జి ఎక్కడానికి బయల్దేరి, వెనక్కి వెనక్కి వెళ్ళి పరేల్ చేరాలి. "కాకా, గ్యాప్ రఖో" అని కుర్రాడు అంటూనే ఉంటాడు. కాకా పెట్టిన గ్యాప్‌లో ఊరంతా కాపురం పెడుతుంది.

ఇక్కడ ట్రాముల ప్రస్తావన రావాలి. సిలబస్‌లో లేదు, కానీ ప్రతి తరగతిలో ఎవరో ఒక పెద్దాయన తెస్తాడు. బొంబాయిలో 1874 మే 9న గుర్రపు ట్రాము మొదలైంది. కొలాబా నుంచి పాయ్‌ధునీకి మూడణాలు. 1907లో కరెంటు ట్రాము, 1920లో డబుల్ డెక్కర్ వచ్చాయి. 1964 మార్చి 31 రాత్రి బోరీబందర్ నుంచి దాదర్‌కు ఆఖరి ట్రాము నడిచింది. అమెరికాలో ఆ కోర్సు పుట్టిన సంవత్సరమూ అదే. ఒక దేశం డిఫెన్సివ్ డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడాదే, ఇక్కడ అది పుట్టుకతోనే వచ్చిన ఏకైక వాహనాన్ని సాగనంపారు. ట్రాము ఓవర్‌టేక్ చేయదు. లేను మారదు. ఫుట్‌పాత్ ఎక్కదు. ఎటు తిరుగుతుందో పట్టాలు చూసి పసిపిల్లవాడు కూడా చెప్పగలడు, ఇండికేటరు అక్కర్లేదు. ఫోన్లో మాట్లాడుతూ నడిపినా పట్టాల మీదే పోతుంది, అప్పట్లో సెల్‌ఫోన్లు లేవన్నది వేరే మాట. దాదర్ టీటీ అన్నప్పుడు ఆ రెండో టీ టెర్మినస్, మొదటిది ట్రాము అని కాకా వివరిస్తుంటే కుర్రాడు తల ఊపుతాడు. అరవై ఏళ్ళకు పైగా లేని ట్రాము పేరు చెప్పుకుని జనం ఇంకా అక్కడ బస్సులు దిగుతున్నారని కూడా కాకా అంటాడు. కుర్రాడు మళ్ళీ తల ఊపుతాడు. ఈలోగా సిగ్నల్ పచ్చబడుతుంది.

వెనకవాడు హారన్ కొడతాడు. హారన్ రెండో పాఠం. 2020లో ముంబై ట్రాఫిక్ పోలీసులు శిక్షించే సిగ్నల్ అని ఒక ప్రయోగం చూపించారు. హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్రలైటు లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది. దాన్ని పెట్టిన కూడళ్ళలో దాదర్ హింద్‌మాతా ఒకటి. వినికిడి తగ్గినవాళ్ళు ప్రశాంతంగా గడపగలిగిన కూడళ్ళు ఈ నగరంలో అప్పట్లో బహుశా అవే.

మూడోది రాత్రి పాఠం. అరవై ఏళ్ళ కంటి లోపలికి, ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే, మూడోవంతు వెలుతురే చేరుతుంది. ఎదురు లైటు కొట్టాక చూపు తేరుకోవడానికి సమయం ఎక్కువ పడుతుంది, తెల్ల ఎల్ఈడీ దీపాలైతే మరీ. మెడ తిప్పి చూడమంటే భుజాలతో సహా తిరగాలి. ఇవేవీ కోర్సుకు వచ్చినవాళ్ళకు కొత్త కాదు. ఎవరికీ చెప్పకుండా ఎప్పుడో సర్దుకుని ఉంటారు: రాత్రి పెళ్ళిళ్ళకు టాక్సీలో వెళ్తారు, వాన పడితే పని రేపటికి వేస్తారు, షోలాపూర్ ప్రయాణం తెల్లవారాకే అంటారు. ఇంట్లోవాళ్ళూ గమనించే ఉంటారు. "బాపూ, ఇగ రాత్రి నడపకు" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆ ఒక్కమాట పరాయి కుర్రాడి చేత చెప్పించడానికే ఫీజు కట్టారని తెలిసేది ఈ పాఠంలోనే. కుర్రాడు దాన్ని చాలా మెల్లగా, చూపు రోడ్డు మీదే ఉంచి చెబుతాడు. వాడి మీద కోపం రాదు. ఇంటికి వెళ్ళాక భోజనాల దగ్గర క్లాసు ఎట్ల జరిగిందని అడిగితే, మంచిగనే జరిగిందంటారు.

చివర ఒక సర్టిఫికెట్ ఇస్తారు, లామినేషన్‌తో సహా. లైసెన్సు రెన్యూవల్ మాత్రం మామూలుగానే. గడువుకు ఏడాది ముందు నుంచి ఏడాది తర్వాత వరకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అదీ దాటితే మళ్ళీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాలి. జత చేయాల్సిన కాగితాల్లో ఫారం 1ఎ ఉంటుంది. ఈ సర్టిఫికెట్ ఉండదు, ఎవరూ అడగరు.