పంపు సంజీవని

వ్యాఖ్యాతల్లో చక్రవర్తి మల్లినాథసూరి మన పక్కూరివాడే. ఆయన ఊరు కొల్చారం మెదక్ జిల్లాలో ఉంది. 2016లో విడిపోయే దాకా సంగారెడ్డి కూడా ఆ జిల్లాదే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని ఆయన కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. ఆ ఒట్టులో మొదటి సగానికి నాదీ పూచీ. రెండో సగానికి హామీ ఇవ్వలేను, ఎందుకంటే వ్యాఖ్యానించబోయేది ఇంజనుకు పెట్రోలు నెట్టే పంపును.

మూలం:

పంపు కొనెడి వేళ బారు చూడుము లీట
రెంత గంటకనుచు రేటు పిదప
తిరుగు దారి నొకటి తీర్చుము టాంకికి
ముందు జల్లెడుంచి మూతి గట్టు

ఛందస్సు ఆటవెలది. కవి పేరు తెలియదు. చేతికి గ్రీజు అంటినవాడని మాత్రం మూడో పాదం చెబుతుంది.

సందర్భం: సుప్రా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ వంటి పోటీల కోసం ఇంజనీరింగ్ విద్యార్థులు ఒంటిసీటు కారు సొంతంగా కడతారు. ఇంజను 710 సీసీ మించకూడదు, గాలి వెళ్లే దారి 20 మిల్లీమీటర్లకు ఇరుకు కావాలి. ఆ కొలతకు ఎక్కువగా దొరికేది బైకు ఇంజనే. మన దగ్గర చాలామంది కన్ను 373 సీసీ కేటీఎం 390 మీద పడుతుంది. దాన్ని కారులో దింపితే పంపు వెతుక్కోవాలి. కందిలో ఐఐటీ, రుద్రారంలో గీతం, పటాన్‌చెరు నుంచి పాశమైలారం దాకా లేతు షాపులు ఉన్న ఈ 65వ నంబరు హైవే మీద ఇలాంటి పద్యం పుట్టకపోతేనే వింత. ఈ కారుకు నంబరు ప్లేటు ఆశించవద్దు. కంపెనీ కట్టిన బండిని మార్చడానికే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, మనం కట్టినదానికి ఏం ఒప్పుకుంటుంది? ట్రాకు మీదే దీని బతుకు.

ప్రతిపదార్థం: పంపు కొనెడి వేళన్ = పుత్లీబౌలి స్పేరు పార్టుల షాపులో కౌంటరు ముందు నిలబడ్డప్పుడు; బారు = ఒత్తిడి కొలత (చౌరస్తాలో రాత్రి దాకా తెరిచి ఉండేది కాదు); చూడుము = డబ్బా మీద చదువుము, డబ్బా లేకుంటే గేజి పెట్టి చూడుము; లీటరు ఎంత గంటకు అనుచు = గంటకు ఎన్ని లీటర్లు పోస్తుందని అడుగుచు; రేటు పిదప = బేరం ఆ తర్వాతనే; తిరుగు దారి = రిటర్ను లైను; జల్లెడ = ఫిల్టరు; మూతి గట్టు = పైపు కొసను క్లిప్పుతో బిగించుము.

తాత్పర్యం: పంపు కొనేటప్పుడు ముందు ఒత్తిడి, తర్వాత పోత, చివరికి ధర చూడాలి. మిగిలిన పెట్రోలు వెనక్కి పోవడానికి దారి ఉండాలి. ఫిల్టరు పెట్టాలి, పైపులు బిగించాలి.

ఇక విశేషాలు. బారును పోతకు ముందు చెప్పడంలోనే కవి అనుభవం ఉంది. ఇంజెక్షన్ బైకుకు సుమారు 3 బార్లు కావాలి. గుజిరీలో దొరికే పాత కార్బురేటరు ఇంజనుకు అందులో పదో వంతు చాలు. దానికి ఇంజెక్షన్ పంపు తగిలిస్తే ఫ్లోటు సూది ఆగలేదు, పెట్రోలు పొంగి కింద పారుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే కనుక, ‘ఏ సంవత్సరం ఇంజను’ అన్నది బేరంలో మొదటి ప్రశ్న కావాలి.

‘గంటకనుచు’ దగ్గర వివాదం ఉంది. హాస్టల్ సీనియర్ల సంప్రదాయం దీన్ని ‘గంట కనుచు’ అని విడదీసి, షాపు మూసే వేళ చూసుకుంటూ కొనమని అర్థం చెబుతుంది. ఇంకొందరు ‘లీటరెంత’ దగ్గరే ఆగి, వంద దాటిన పెట్రోలు ధర తలచుకుని ముందుకు కదలరు. లెక్క వేస్తే వివాదం తీరుతుంది. కేటీఎం 390 ఇచ్చే 43 హార్స్‌పవర్ అంటే 32 కిలోవాట్లు. కిలోవాటుకు గంటకు సుమారు 300 గ్రాముల పెట్రోలు అనుకుంటే, పూర్తి జోరులో గంటకు 13 లీటర్లు. చిన్న కారు పంపు కూడా సాధారణంగా ఇంతకు ఎన్నో రెట్లు పోస్తుంది. పెద్ద పంపు తెస్తే కారు వేగం పెరగదు. మిగిలిన పెట్రోలు ఇంజను వేడికి కాగుతూ తిరిగి తిరిగి వస్తుంది, బైకు బ్యాటరీ మీద భారం పడుతుంది. రేటు ఎక్కువైతే పంపు గొప్పదనే పక్షాన్ని కవి ‘పిదప’ అన్న ఒక్క మాటతో కొట్టేశాడు.

మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం, లోపం కూడా ఇక్కడే. బైకు సొంత పంపు మాడ్యూలులో రెగ్యులేటరు లోపలే ఉంటుంది కనుక దానికి తిరుగు దారి అక్కర్లేదు. మరి ఆ మాడ్యూలునే తెచ్చి కారు టాంకీలో దింపితే సరిపోదా? సరిపోదు. బైకు మలుపులో పక్కకు ఒరుగుతుంది. దానితోపాటు టాంకీ ఒరుగుతుంది, పెట్రోలు అడుగునే ఉంటుంది. కారు ఒరగదు. మలుపులో పెట్రోలు ఒక పక్క గోడ ఎక్కుతుంది, పంపు నోటికి గాలి తగులుతుంది. సరిగ్గా యాక్సిలరేటరు తొక్కిన క్షణంలో ఇంజను ఎక్కిళ్లు పెడుతుంది. ఇంజను బైకుదైనా పెట్రోలు ఉండేది కారులో. ఆ మాట పద్యంలో లేదు. ఆలంకారికులు దీన్ని న్యూనపద దోషం అంటారు.

అందుకే ‘టాంకికి’ అన్నచోట ‘కుండకు’ అని పాఠాన్ని దిద్దుతున్నాను. భగణానికి భగణం, యతికి ఏ ఇబ్బందీ లేదు. కుండ అంటే సర్జ్ పాట్. అర లీటరు పట్టే నిలువు డబ్బా చాలు. ఒక చిన్న పంపు టాంకీ నుంచి దాన్ని ఎప్పుడూ నింపుతూ ఉంటుంది, 3 బార్ల పంపు దాని అడుగు నుంచి లాగుతుంది. మిగిలింది రెగ్యులేటరు మీదుగా కుండ పైభాగానికి చేరుతుంది, అక్కడ పొంగింది టాంకీకి పోతుంది. బయట పెట్టే పంపు బాగా నెడుతుంది కానీ లాగడంలో బద్ధకం. కనుక దాన్ని కుండ అడుగుకంటే దిగువన బిగించాలి.

‘ముందు జల్లెడుంచి’: దేనికి ముందు? పంపుకు ముందా, ఇంజెక్టరుకు ముందా? రెండు పక్షాలూ నిజమే. పంపుకు ముందు ముతక జల్లెడ, పంపు దాటాక సన్న ఫిల్టరు. సన్నదాన్ని ముందు పెడితే పంపుకు ఊపిరాడదు, బుడగలు కట్టి అరుస్తుంది.

‘మూతి గట్టు’: ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది కనుక పైపు మీద ‘ఆర్9’ గుర్తు చూసి కొనాలి, నీళ్ల మోటారు పైపు పనికిరాదు. స్క్రూడ్రైవరుతో తిప్పే మామూలు పళ్ల క్లిప్పు రబ్బరును కోస్తుందని ఇలాంటి పోటీలకు రాసిన ఫార్ములా స్టూడెంట్ నిబంధనలు ఇంధన పైపుల మీద దాన్ని ఒప్పుకోలేదు. పైపు చుట్టూ పూర్తిగా తిరిగి, అంచులు మడిచి, నట్టూ బోల్టుతో బిగిసే క్లిప్పు కావాలి. రాణిగంజ్‌లో అడిగితే దొరుకుతుంది. పైపు ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి, లేకుంటే సైజు దగ్గర మళ్లీ వ్యాఖ్యానం మొదలవుతుంది.