రిలీవర్ రాని కాపలా

కంచరపాలెం మెట్టు దగ్గర ఓ ఇంట్లో, డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన తలలో ఉంటాను నేను. నా పేరు మైక్రోగ్లియా. ఆయన తల్లి కడుపులో కొన్ని వారాల పిండంగా ఉన్నప్పుడే మావాళ్లు మెదడుకు వలస వచ్చి స్థిరపడ్డారు.

ఆలోచనలు నడిపేవి న్యూరాన్లు. వాటి తిండీతిప్పలు చూసేవి ఆస్ట్రోసైట్లు. తీగలకు తొడుగు వేసేవి ఒలిగోడెండ్రోసైట్లు. ఊడ్చేది, కాపలా కాసేది నేను. న్యూరాన్లు తప్ప మిగతా మమ్మల్నందరినీ కలిపి గ్లియా అంటారు, అంటే జిగురు. 1856లో జర్మన్ వైద్యుడు విర్కో పెట్టిన పేరది. మేం వట్టి జిగురు కాదు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో-ఒర్తెగా నన్ను విడిగా గుర్తించి నాకీ పేరు పెట్టాడు.

మామూలుగా ఉన్నచోటు కదలను గానీ నా చేతులు ఊరుకోవు. సన్నటి కొమ్మల్లా చాచి చుట్టుపక్కలంతా తడుముతూనే ఉంటాను.

చాలా ఏళ్ల కిందట న్యూరాన్ల మధ్య అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దలు చేరడం మొదలైంది. చుట్టూ మూగి మింగాం. మింగేకొద్దీ ఇంకా పేరుకున్నాయి. షెడ్డులో ఆయన షిఫ్టు దిగే వేళకు రిలీవర్ వచ్చేవాడు. నాకెవరూ రాలేదు. రేగిపోయి, వాపు పుట్టించే రసాయనాలు కక్కాను. న్యూరాన్లు మాట్లాడుకునే సైనాప్స్‌లనూ చెత్తతో పాటు తినేశాను. మావాళ్లు ఇలా చేస్తారని 2016లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో బయటపడింది. నేను తిన్నవాటిలో రైతుబజారు నుంచి ఇంటికొచ్చే దారి ఉంది.

ఓ పొద్దున ఆయన ఆనపకాయ సంచితో ఊర్వశి జంక్షన్లో నిలబడిపోయారు. "తాతా, ఇటెటెల్తన్నారు? ఇల్లటు గదా" అంటూ ఎదురింటి కుర్రాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వయసు మీద పడిందిలే, చాదస్తం అన్నారు ఇంట్లో. అది చాదస్తం కాదు, అల్జీమర్స్. ఆ వారమే కొళాయి కారుతుంటే పానా తీసుకుని తానే బిగించారు. చేతి పనితనం దాగే చోటు వేరు, జబ్బు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది.

ఇన్నాళ్లూ బయటపడకపోవడానికి షెడ్డులో మాట్లాడిన హిందీ, ఒరియా కూడా సాయపడ్డాయేమో. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అల్జీమర్స్ వంటి డిమెన్షియా జబ్బులున్న 648 మంది రోగులను పరిశీలించింది. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు భాషలు వచ్చినవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో ప్రకటించింది.

ఇప్పుడాయన అర్ధరాత్రి లేచి డ్యూటీకి టైమైందంటారు. "షిఫ్టు దిగిపోయారండీ, పడుకోండి" అనే భార్య గొంతు ఆయన చెవిలోంచి నాదాకా వస్తుంది. తలుపుకి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటుందామె. కునుకు లేదు. ఈమధ్య ఆ గొంతు చిరాగ్గా పలుకుతోంది, వెంటనే ఏడుస్తోంది.

వారానికి రెండు రాత్రులైనా ఆ చాప మీద ఇంకెవరైనా పడుకోండి. రిలీవర్ రాని కాపలా ఏమవుతుందో నాకు తెలుసు.