మూడు వేళ్లు, నాలుగు కార్డులు

“మీ బావగారు కార్డులు నేర్చుకుంటున్నార్రా” అని మా ఆవిడ ఫోన్లో వాళ్ల తమ్ముడితో అంది. పది నిమిషాల్లో నా ఫోన్ మోగింది. “ఏంటి బావా, సర్వీసంతా నిప్పులా బతికి, రిటైరయ్యాక పేకాటా?” అన్నాడు మా బావమరిది. కార్డంటే పేకముక్క కాదనీ, కీబోర్డు మీద మూడు స్వరాలు ఒకేసారి నొక్కితే దాన్ని కార్డంటారనీ వివరించాను. “అయితే డబ్బులు పోవుగా?” అని రూఢి చేసుకుని పెట్టేశాడు.

అమ్మాయి అత్తారింటికి వెళ్తూ వదిలేసిన కీబోర్డు అటక మీద కనబడటమే దీనికంతటికీ మూలం. నిజం పియానోకి 88 మెట్లుంటాయి, మా దానికి 61. దించి, తుడిచి, కంటికి కనబడిన మీట ఒకటి నొక్కాను. లోపల ఎవరో విద్వాంసుడు దాక్కున్నట్టు అద్భుతమైన సంగీతం మొదలైంది. దాన్ని డెమో అంటారట. పక్కింటాయన తలుపు తట్టి మరీ మెచ్చుకున్నారు. ఆ పొగడ్త కాదనడానికి నాకు మనసొప్పలేదు. మర్నాడు నా సొంత వేళ్లతో వాయించాను. సాయంత్రం ఆయన లిఫ్టులో కనబడి, “నిన్న చాలా బాగుందండీ. ఇవాళ ఒంట్లో బాలేదా?” అని పరామర్శించారు.

ఇక లాభం లేదని గురువును ఆశ్రయించాను. గురువంటే పై ఫ్లాటులో నాలుగో తరగతి చదివే పాప. శనివారాలు కీబోర్డు క్లాసుకి వెళ్తుంది. “తాతగారూ, నాలుగు కార్డులొస్తే బోలెడు పాటలు వాయించెయ్యొచ్చు” అంది. సి, జి, ఎఫ్, ఎ మైనర్. మన లెక్కలో చెప్పుకుంటే, సి దగ్గర మొదలుపెట్టి తెల్లమెట్లు వరసగా నొక్కితే శంకరాభరణం. అందులో ఒకటి విడిచి ఒకటి నొక్కితే కార్డు. స గ ప అంటే సి. ప ని రి అంటే జి. మ ద స ఎఫ్. ద స గ ఎ మైనర్. ఇంతేనా అనుకున్నాను. నా వేళ్లు అనుకోలేదు.

ప్రతి కార్డుకీ చెయ్యి పైకెత్తి, గాల్లో తిప్పి, కోడిపిల్ల మీద గద్ద వాలినట్టు వాలేవాణ్ణి. గద్ద గురి తప్పదు, నాది తప్పేది. పాప రెండు రోజులు ఓపిక పట్టి, మూడోరోజు రహస్యం చెప్పింది. అది నాకు బస్సు సీటు లెక్కన అర్థమైంది. ముగ్గురు కూర్చున్న సీటులో సర్దుబాటు కావాలంటే ముగ్గురూ లేచి నిలబడక్కర్లేదు, కొంచెం జరిగితే చాలు. స గ ప కూర్చునుంటే, ఒక్క ప మాత్రం ద మీదకి జరిగితే ఎ మైనర్. స కదలకుండా గ, ప చెరో మెట్టు పైకి జరిగితే ఎఫ్. ప అక్కడే ఉండి స కింది ని మీదకీ, గ రి మీదకీ దిగితే జి. ముప్ఫయ్యేళ్లు బస్సులో ఆఫీసుకెళ్లినవాడికి ఈ విద్య ఎవరైనా నేర్పాలా!

ఆ తర్వాత లెక్క చూసుకుంటే, ఈ నాలుగు కార్డులకీ కావలసినవి మొత్తం ఏడే మెట్లు. మిగిలిన 54 మెట్లకీ నేను చేస్తున్న సేవ దుమ్ము దులపడం.

మా ఆవిడ చిన్నప్పుడు ఆరేళ్లు సంగీతం నేర్చుకుంది. “ఒక్క స్వరం తిన్నగా నిలపడానికే మా గురువుగారు నెలలు పట్టించారు. మీరు మూడేసి ఒక్క దెబ్బకి నొక్కుతున్నారు. వాటిలో ఏది వినమంటారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. మన సంగీతంలో గమకమే ప్రాణం. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడం ఈ పెట్టె వల్ల కాదు. ఆ కారణం కూడా చూపించే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది, 1971లో గానీ కొంత సడలించలేదు. మా ఇంట్లో నిషేధం అంతకాలం సాగలేదు. హాల్లోంచి వెనక బాల్కనీకి బహిష్కరణతో సరిపెట్టారు.

ఇంతలో పాప పుట్టినరోజొచ్చింది. ‘హ్యాపీ బర్త్‌డే’కి మూడే కార్డులు. అందులో ఎఫ్ సరిగ్గా పుట్టినరోజు పిల్ల పేరు మీద పడుతుంది. వారం రోజులు సాధన చేశాను. తీరా కొవ్వొత్తి వెలిగించగానే నలభైమంది నలభై శ్రుతుల్లో ఎత్తుకున్నారు. నేను ఒకటో శ్రుతిలో ఒంటరివాణ్ణయ్యాను. పేరు దగ్గర ఉంగరం వేలు మొండికేసింది. దాన్ని బతిమాలి ఎఫ్ పలికించేసరికి కేకు ముక్కలు ప్లేట్లలోకి వచ్చేశాయి. గురువు మాత్రం నా చెవిలో, “కార్డు కరెక్టే తాతగారూ, లేటయిందంతే” అంది.

ఆ రాత్రి మా ఆవిడకి జాలేసింది కాబోలు, బాల్కనీలోకి వచ్చి కూర్చుంది. ఆవిడది ఐదున్నర శ్రుతి. ఆ శ్రుతిలో కార్డులంటే నల్లమెట్ల మీద కుప్పిగంతులే. అందుకు ట్రాన్స్‌పోజ్ మీట ఉంది. నా వేళ్లు ఒకటో శ్రుతిలోనే ఉంటాయి, పెట్టె ఐదున్నరలో పలుకుతుంది. ఆవిడ ఒక పాత సినిమా పాట అందుకుంది. నేను అవే మూడు వేళ్లు, అవే నాలుగు కార్డులు. అప్పుడు తెలిసింది, నెల్లాళ్లుగా నేను వాయిస్తున్నది పాట కాదని. నాలుగు గుంజలు పాతి, పందిరి వేసి, కాయలు రావేమని చూస్తున్నాను. పాదు పెట్టనిదే పందిరికి కాయలు కాస్తాయా?

మర్నాడు పక్కింటాయన లిఫ్టులో, “మళ్లీ ఆ మొదటిరోజు మీట నొక్కినట్టున్నారే” అన్నారు.

కాబట్టి కొత్తగా నేర్చుకోబోయేవారికి నా సలహా ఒకటే. కీబోర్డుకి 61 మెట్లున్నాయా, 88 ఉన్నాయా అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇంట్లో పాడేవాళ్లెవరున్నారో చూసుకోండి.