వాకిట్లో పెయింటు ముగ్గు: వినకూడని ఆరు సలహాలు

గృహప్రవేశానికో సంక్రాంతికో ముచ్చటపడి వాకిట్లో నాపరాళ్ల మీద ఎనామెల్ పెయింటుతో ముగ్గు వేయిస్తారు. నాలుగు వానలు పడి ఎండలు కాసేసరికి అది పెచ్చులు లేచి, సగం ఊడి, సగం అంటుకుని కళ తప్పుతుంది. తీసేద్దామనుకోగానే పక్కింటివాళ్లు, హార్డ్‌వేర్ కొట్టాయన, మేస్త్రీ తలో చిట్కా చెబుతారు. వాటిలో చాలా చిట్కాలు రంగుకంటే ముందు రాయిని పాడుచేస్తాయి. తాండూరు బండ, బేతంచెర్ల నాపరాయి, కర్ణాటక నుంచి వచ్చే షాబాదు బండ అన్నీ సున్నపురాళ్లే. ఈ సంగతి మనసులో పెట్టుకుని కింది సలహాలు చూడండి.

1. "బాత్రూం యాసిడ్ పోయండి, పొంగుకుంటూ వచ్చేస్తుంది."
పొంగేది రాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే సున్నపురాయిలోని కాల్షియం కార్బనేట్ కరిగి, కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. ఎండిన ఎనామెల్ మాత్రం ఆ యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు. అందుకే పెయింటు కింద రాయి నిలిచి, చుట్టూ ఉన్నది కొరుక్కుపోతుంది. ఆ తర్వాత రంగు పోయినా ముగ్గు గీతలు ఉబ్బెత్తుగా ఉండిపోతాయి. సందుల్లోని సిమెంటు కూడా పోతుంది. యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడరు చల్లమంటే అసలే వినకండి. క్లోరిన్ వాయువు పుట్టి ప్రాణం మీదికి వస్తుంది.

2. "గ్రైండర్ పెట్టించండి, గంటలో పని."
గ్రైండర్ నునుపు పోగొట్టి గుంటలు చేస్తుంది. అంతకంటే భయపడాల్సింది దుమ్ముకి. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామెల్‌లో సీసం ఎక్కువే ఉండొచ్చు. పొడిగా అరగదీస్తే ఆ సీసం పిల్లలు ఆడుకునే చోటంతా పరుచుకుంటుంది. వాళ్ల మెదడు ఎదుగుదలకు అది విషం.

3. "మంట పెట్టి కాల్చండి, ఉబ్బి ఊడొస్తుంది."
వేడి ఒకేచోట తగిలితే బండ పగులుతుంది, పొరలుగా లేస్తుంది. పాత పెయింటు కాలిన పొగ పీల్చకూడదు.

4. "కిరసనాయిలో పెట్రోలో పోసి రుద్దండి."
తడి పెయింటుకు పనికొచ్చేవి పూర్తిగా ఎండి గట్టిపడిన ఎనామెల్‌ను కరిగించలేవు. కిరసనాయిలు రాయిలోకి ఇంకి జిడ్డు మరక మిగులుస్తుంది. పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

5. "ఇనుప బ్రష్షుతో గట్టిగా గీకండి."
గీతలు పడతాయి. తెగిన ఇనుప ముక్కలు రాయి రంధ్రాల్లో ఇరుక్కుని, వాన తగలగానే తుప్పు మరకలవుతాయి.

6. "ఎందుకీ శ్రమ, పైన ఇంకో కోటు వేసేయండి."
ఊడుతున్న పొర మీద వేసిన కొత్త రంగు దానితోపాటే ఊడుతుంది. కింది నుంచి నేల చెమ్మ నెడుతూనే ఉంటుంది. మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు రెండు పొరలు తీయాలి.

మరి ఎలా తీయాలి?

ముందు వాకిలి తడిపి, లేచిన పెచ్చులను పుట్టీ బ్లేడుతో, దాన్ని బండకు దాదాపు ఆనించి పట్టుకుని తీయండి. తడిగా ఉంటే దుమ్ము లేవదు. నీళ్లతో కలిపే ఎమల్షన్ రంగైతే వేడి సబ్బునీళ్లలో నాననిచ్చి నైలాన్ బ్రష్షుతో తోమి చూడండి.

ఎనామెల్ అయితే జెల్‌లా ఉండే పెయింట్ రిమూవర్ కొనండి. డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ గానీ, ఆమ్లం గానీ ఉందని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి మనుషుల ప్రాణాలు తీసింది. అమెరికాలో ఆ రిమూవర్లను సామాన్య వినియోగదారులకు అమ్మకుండా 2019లోనే నిషేధించారు.

తెచ్చిన జెల్‌ను మొదట మూలన అరచేయంత చోట రాసి, రాయి రంగు మారలేదని చూసుకోండి. నీరెండ వేళ మొదలుపెట్టండి. ఎండలో జెల్ పని చేయకముందే ఆరిపోతుంది. దట్టంగా రాసి, పైన పాలిథిన్ కవరు పరిచి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచండి. మెత్తబడిన రంగును బ్లేడుతో తీసి, నైలాన్ బ్రష్షుతో సబ్బునీళ్లు పోసి తోమండి. అవసరమైతే మళ్లీ రాయండి. చేతులకు రసాయనాలు ఆగే గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. తీసిన రంగును కాగితాల్లో మూటకట్టండి. మొక్కల పాదుల్లోకీ కాలవలోకీ పోనివ్వకండి.

రెండు మూడు విడతల తర్వాత లేత ఛాయ మిగిలితే అక్కడితో ఆపేయండి. ఆ కాస్త నీడ కోసం బలవంతంగా రుద్దితే పోయేది రాయి మెరుగే. రంగు మరక ఎవరికీ హాని చేయదు. పాడైన బండను మాత్రం మార్చడం తప్ప దారి లేదు.